మూడవ తేదీ చీపురు

నవంబరు దగ్గరపడుతోందంటే మన విచారణలన్నిటా చూపు సమాధుల తోటల వైపు మళ్ళుతుంది. ఏడాది పొడుగునా అటు తొంగి చూడనివారు సైతం అక్టోబరు ఆఖరి వారంలో సున్నం బకెట్టు, కుంచె, కొడవలి పట్టుకొని బయలుదేరతారు. ఆ స్థలానికి మనవారు పెట్టుకున్న పేరు గమనించండి. శ్మశానం అనరు, సమాధుల తోట అంటారు. తోట అన్నాక చెట్టు ఉండాలి, నీడ ఉండాలి, దాని మంచిచెడ్డలు చూసే మనిషి ఉండాలి. మన ఊళ్ళలో చాలా చోట్ల సమాధులైతే ఉన్నాయి గాని తోట లేదు. కంప ఉంది, చెత్త ఉంది.

ఈ వారం ఆ తోటను గురించి, దాన్ని ఊడ్చే చీపురును గురించి కొంచెం ఆలోచిద్దాం. విషయం చిన్నదిగా కనిపించవచ్చు. నాకు మాత్రం 2023 నవంబరు నుంచి అది కంట్లో నలుసులా గుచ్చుకుంటూనే ఉంది.

మా విచారణ సమాధుల తోట ఎకరం పైచిలుకు. వెనుక గోడ ఊరి చెరువు గట్టును ఆనుకొని ఉంటుంది. గోడకు ఇవతల వయ్యారిభామ, అవతల సర్కారు తుమ్మ. ఈ తుమ్మ మన దేశపు చెట్టు కాదు. 1870లలో తెల్లదొరల ప్రభుత్వం వంటచెరకు కోసమని విత్తనం బయటి దేశాల నుంచి తెప్పించి కడప ప్రాంతంలో నాటించింది. అక్కడి నుంచి చెరువు గట్లు, బీళ్ళు, డొంకలు అన్నీ ఆక్రమించింది. నరికితే మోడులోంచి మళ్ళీ నాలుగు కొమ్మలు లేస్తాయి. వేరుతో పెకలిస్తే తప్ప చావదు. సర్కారు తెచ్చింది కనుక సర్కారు తుమ్మ అన్నారని చెబుతారు. నాకైతే ఆ పేరులో మరో అర్థం కూడా వినిపిస్తుంది. మన ఊళ్ళలో ‘సర్కారుది’ అంటే ‘ఎవరిదీ కాదు’ అనే కదా అర్థం!

ఆ అక్టోబరులో మా యువజనులు ఒక మంచి ఆలోచనతో వచ్చారు. “ఫాదర్ గారూ, ఈసారి ఎవరి సమాధి వాళ్ళు కడుక్కోవడం కాదు. తోటంతా బాగుచేద్దాం, చెరువు గట్టు కూడా కలుపుకుందాం” అన్నారు. 28, 29 తేదీల్లో, మళ్ళీ నవంబరు 1 సాయంత్రం, నలభై మందికి పైగా పనిచేశారు. మరియదళం స్త్రీలు వచ్చారు. మఠకన్యలు బడిపిల్లల్ని తీసుకొచ్చారు. గడ్డపారలతో తుమ్మ మోళ్ళు పెకలించారు, వయ్యారిభామ పీకి గుట్టలు వేశారు, గోడ వెంబడి ముప్పై వేప, కానుగ మొక్కలు నాటారు. నరికిన ముళ్ళకంపనే వాటి చుట్టూ కంచెగా కట్టారు. ఎగతాళిగా చెప్పడం లేదు, నిజంగా మంచి పని. చేతులు బొబ్బలెక్కిన పిల్లల్ని చూసి నా కడుపు నిండిపోయింది. రెండవ తేదీన సకల మృతుల స్మరణ పూజ సమాధుల మధ్యనే జరిగింది. పూజ చివర ఈ సేవకు ముందు నిలిచిన ఆరుగురిని పిలిచి శాలువాలు కప్పాం. కప్పింది నేనే. ‘సేవ’, ‘త్యాగం’ అనే మాటలు ఆ రోజు నా నోట చాలాసార్లు వచ్చాయి. ఫోటోలు సాయంత్రానికల్లా ఊరందరి ఫోన్లలోకీ చేరాయి.

మూడవ తేదీ తెల్లవారుజామున, మేకలు మొక్కలు కొరికాయేమో చూసివద్దామని వెళ్ళాను. ఇంకా మసక చీకటిగానే ఉంది. లోపల ఎవరో ఊడుస్తున్న చప్పుడు. వెళ్ళి చూస్తే మా విచారణకు చెందిన ఒక తల్లి. పంచాయతీలో పారిశుద్ధ్య పని చేస్తుంది. ఆమె భర్త ఆ తోటలోనే, మూడవ వరుసలో, మట్టి సమాధి కింద ఉన్నాడు. ఆమె ఊడుస్తున్నది ఏమిటంటారా? కరిగి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు, ప్లాస్టిక్ పూలదండలు, అగరొత్తుల అట్టపెట్టెలు, టీ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, టిఫిను కట్టిన కాగితాలు. అంటే మూడు రోజులు శ్రమపడి శుభ్రం చేసిన చోటును ఒక్క సాయంత్రంలో మన భక్తి ఏం చేసిందో అది. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. ఆ కబురు మన పండుగలకు ఇంకా చేరినట్టు లేదు.

“ఏమ్మా, ఇంత పొద్దున్నే వచ్చావు?” అన్నాను.

“ఏడింటికల్లా వీధుల్లోకి పోవాలి గదండీ. ఈలోపల అయిపోద్దని వచ్చా. చుట్టూ ఈ చెత్తేసుకుని మా ఆయన ఎట్టా పడుకుంటాడు?”

“పిల్లలకు ఒక మాట చెబితే వచ్చేవాళ్ళు కదమ్మా.”

ఆమె నడుము నిలబెట్టి నవ్వింది. “ఒకటో తారీకు ఊడిస్తే శాలువా కప్పారు గదా ఫాదర్ గారూ. మూడో తారీకు ఊడ్చినోళ్ళకి ఏం కప్పుతారో చెప్పండి, పిల్లల్ని పిలుచుకొస్తా.”

నేనూ నవ్వాను. అందులో నిష్ఠూరం లేదు. ఆమె తీరే అంత. కాని పూజ ముగించుకొని గదికి వచ్చి కాఫీ తాగుతుంటే ఆ నవ్వు ఇక మిగలలేదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు నేర్పిన ఒక విచారణ పద్ధతి మాకు కంఠతా వచ్చేది. ఒక క్రియ మంచిదా చెడ్డదా అని తేల్చాలంటే మూడు చూడాలి: చేసిన పని ఏది, ఏ ఉద్దేశంతో చేశారు, ఎటువంటి పరిస్థితుల్లో చేశారు. సరే, ఈ మూడూ పెట్టి చూద్దాం. పని ఒకటే. అదే నేల, అదే దుమ్ము, అవే ఈనెల చీపుళ్ళు. ఉద్దేశం? మా పిల్లలు జీతం ఆశించలేదు కాబట్టి వారిది సేవ అన్నాం. అయితే ఆ తెల్లవారుజామున ఆమెకు మాత్రం జీతం ఎవరిచ్చారు? పంచాయతీ పంపలేదు, విచారణ అడగలేదు. పరిస్థితులంటారా, పిల్లలకు తోడు ఉంది, మైకులో పాటలున్నాయి, మధ్యాహ్నం పులిహోర పొట్లాలున్నాయి. ఆమె ఒక్కతే ఉంది. ఏ వైపు నుంచి తూచినా ఆమె పళ్ళెమే బరువుగా ఉంది. మరి మన కళ్ళకు మొదటిది సేవగాను, రెండవది అసలు కనిపించనిదిగాను ఎందుకు తోచింది? పనిలో తేడా లేనప్పుడు తేడా మనిషిలో ఉండాలి. చీపురు ఎవరి చేతిలో ఉందన్న దాన్నిబట్టి దాని విలువ కట్టాం. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. శాలువా కప్పింది నేనే గనుక నేనే రాయాలి.

స్వచ్ఛంద సేవను మనం ఎందుకు మెచ్చుకుంటామో ఆలోచించండి. చేయకుండా ఉండగలిగి కూడా చేశాడు కాబట్టి. మాట తప్పు కాదు. కాని దాని కింద నీడలా ఇంకొకటి ఉంది. చీపురు కింద పెట్టేయగలిగినవాడిని మెచ్చుకుంటున్నాం, కింద పెట్టలేనివారిని మరచిపోతున్నాం. వేరే దేశాల్లో ఇది పేదరికం సంగతి మాత్రమే కావచ్చు. మన దేశంలో చీపురును కొందరి చేతికి పుట్టుకతోనే కట్టారు. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్ళిన గాంధీగారు అక్కడి మరుగుదొడ్ల దుస్థితి చూసి వాలంటీర్లను అడిగితే, అది పాకీవాళ్ళ పని అన్నారట. ఆయనే చీపురు తీసుకొని ఒకటి శుభ్రం చేసుకున్నారు. తన ఆత్మకథలో రాసుకున్న సంగతి ఇది. అడిగింది ఎవరిని? వాలంటీర్లను! సేవ చేయడానికే వచ్చినవారికి కూడా కొన్ని పనులు సేవ కింద లెక్కకు రాలేదన్నమాట.

నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ లెక్క పూర్తిగా మారలేదు. మనుషుల చేత మలమూత్రాలు ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. ఈ దురాచారం మీద జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయన కోలారు బంగారు గనుల ఊరిలో ఒక దళిత కుటుంబంలో పుట్టినవారు. కరోనా కాలంలో, 2020లో, పారిశుద్ధ్య కార్మికుల మీద పూలు చల్లాం. ఊళ్ళలో వారికి ‘గ్రీన్ అంబాసిడర్లు’ అని పేరు కూడా పెట్టుకున్నాం. పేరు బాగానే ఉంది. ఆ అంబాసిడరుకు మన ఇంట్లో మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇస్తున్నామన్నది ఎవరికివారు చూసుకోవలసిన విషయం. మన సంఘం దీనికి అతీతం కాదు. 2016 డిసెంబరులో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారతపై ప్రకటించిన విధాన పత్రం కులవివక్షను ఖండించింది. మన మధ్య లేని రోగానికి మన మేత్రాణులు మందు రాయరు కదా.

ఇది విని ఒకాయన నాతో అన్నారు: “అయితే ఫాదర్ గారూ, ఈ సేవలన్నీ నాటకమేనంటారా? పన్ను కడుతున్నాం, పంచాయతీ ఉంది, జీతగాళ్ళు ఉన్నారు. మనం తప్పుకుంటే సరి.” లేదండీ, నేను అలా అనడం లేదు. తప్పుకుంటే ఆ తుమ్మకు మళ్ళీ మనమే నీళ్ళు పోసినట్టు.

ఎక్కువమందికి ఉమ్మడిగా ఉన్నదానికి తక్కువ శ్రద్ధ దక్కుతుందని అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలోనే గమనించాడు. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ ఊహనే సాగదీసి, ఉమ్మడి బీడు మీద ఎవడి పశువును వాడు తోలుకుంటూ పోతే చివరకు బీడే మిగలదని వాదించాడు. ఆ వ్యాసం చదివి చాలామంది మేధావులు, అయితే ప్రభుత్వానికైనా అప్పగించాలి, వ్యక్తులకైనా పంచేయాలి, మూడో దారి లేదనుకున్నారు. ఎలినార్ ఆస్ట్రోమ్ అనే విద్వాంసురాలు అలా అనుకోలేదు. స్విట్జర్లాండు కొండ బీళ్ళు, జపాను పల్లె అడవులు, స్పెయిను, ఫిలిప్పీన్సుల సాగుకాల్వలు, వందల ఏళ్ళుగా ఊరివారే కలిసి కాపాడుకుంటున్నవి ఎలా నిలిచాయో పరిశీలించి 1990లో గ్రంథం రాసింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమె. ఆమె కనుగొన్నవాటిలో నా మనసుకు పట్టినది ఒకటి ఉంది. ఏ నియమానికి ఎవరు లోబడాలో, ఆ నియమం చేసేటప్పుడు వారూ కూర్చోవాలి. అలా జరిగిన చోట ఉమ్మడి సొత్తు నిలిచింది.

మన చెరువులకూ ఇటువంటి ఉమ్మడి ఏర్పాటు ఉండేది. కుడిమరామత్తు అనేవారు. ఊరివారంతా కలిసి కాల్వ పూడిక తీయాలి, గట్టు వేయాలి. చదువుకున్నవారు ఇప్పుడు దాన్ని బంగారు కాలంగా వర్ణిస్తూ ఉంటారు. నేను కొంచెం ఆగి చూడమంటాను. దొరల ప్రభుత్వం 1858లో చట్టం చేసి ఆ శ్రమను నిర్బంధం చేసింది. ఇక ‘ఊరంతా’ అన్నమాటకు పల్లెల్లో అర్థం అందరికీ తెలుసు. గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడినవారు ఒకరు, బురదలో దిగినవారు మరొకరు. ఒకరికి ఆనవాయితీ, మరొకరికి వెట్టి. కాబట్టి ఉమ్మడి శ్రమ అన్నంత మాత్రాన అది ధర్మమైపోదు. నీళ్ళు ఎవరి పొలానికి ముందు పారాయి, మట్టి ఎవరు మోశారు అని అడగాలి.

అందుకే ‘శ్రమదానం’ అన్న మాట వినగానే నాకొక సందేహం కలుగుతుంది. జన్మభూమి కార్యక్రమాలు మొదలైన 1997 నుంచి ఆ మాట మనకు మరీ అలవాటైంది. దానం ఎవరు ఎవరికి చేస్తున్నట్టు? చెరువు నాది, తోట నాది, రేపు నేను పడుకోబోయే ఆరడుగుల నేల కూడా అక్కడిదే. నా ఇల్లు నేను ఊడ్చుకుంటే దానం అంటారా? (నా ఇల్లు అన్నానే గాని, నా చిన్నతనమంతా ఊడ్చింది మా అమ్మ. ఆమెకూ ఎవరూ శాలువా కప్పలేదు.) సృష్టి వస్తువులను సంపాదించి నిర్వహించుకునే అధికారం వ్యక్తికి ఉన్నా, వాటి వాడకం విషయంలో మాత్రం అవి అందరివని ఎంచాలని పునీత తోమాసు బోధించారు. సొంత సొత్తు సంగతే అలా ఉంటే, మొదటి నుంచీ ఉమ్మడిగా ఉన్న గట్టు, చెట్టు మాటేమిటి? అక్కడ మనం చేసేది ఉపకారం కాదు, చెల్లించాల్సిన బాకీ. కృపా కార్యం కంటే ముందు అది న్యాయ కార్యం. బాకీ తీర్చినవాడికి రసీదు ఇస్తాం గాని సన్మానం చేయం.

ఆదికాండము రెండవ అధ్యాయం తీయండి. దేవుడు మానవుని ఏదెను తోటలో ఉంచింది ఎందుకు? దాన్ని సేద్యం చేయడానికి, కాచుకోవడానికి. సెమినరీలో మాకు హీబ్రూ చెప్పిన గురువులు ఈ రెండు క్రియాపదాల దగ్గర గంటసేపు నిలబెట్టారు. మొదటి పదానికి పనిచేయడమనే కాక సేవించడమని కూడా అర్థం. రెండవది కాపలా కాయడం. సంఖ్యాకాండము మూడవ అధ్యాయంలో లేవీయులు గుడారంలో చేయవలసిన పరిచర్యకూ ఈ రెండు పదాలే వాడారు. తోటమాలి పనికీ పీఠం దగ్గరి పనికీ ఒకే మాటలు! ఇంకొకటి, ఈ ఆజ్ఞ మూడవ అధ్యాయంలోని పతనానికి ముందే ఉంది. మట్టిలో చేయి పెట్టడం పాపానికి శిక్షగా వచ్చింది కాదు. అది శిక్ష అనుకోవడం, ఆ శిక్షను కొందరి మీదికి తోసి మనం తప్పుకోవడం, అదే తరువాత వచ్చిన పాపం. యోహాను సువార్తికుడు ఇంకో చిన్న సంగతి ప్రత్యేకంగా రాసిపెట్టారు. ప్రభువును సిలువ వేసిన చోట ఒక తోట ఉందట, ఆ తోటలోనే కొత్త సమాధి. మూడవ నాడు మగ్దలా మరియమ్మ ఆయనను చూసి తోటమాలి అనుకున్నది. ఆమె పొరబడిందని ప్రసంగాల్లో చెబుతూ వచ్చాను. తెల్లవారుజామున సమాధుల తోటలో పనిమనిషిలా కనిపించిన వ్యక్తిని ఇప్పుడు నేను అంత తేలిగ్గా దాటిపోలేకపోతున్నాను.

దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ 232వ పేరాలో సరిగ్గా మన విషయమే ఉంది. ఒక కూడలినో, పాడుబడిన కట్టడాన్నో, ఒక ఊరి ప్రకృతినో అందరి సొత్తుగా ఎంచి బాగుచేసేవారిని తలచుకున్నారు. అటువంటి చోట మనుషుల మధ్య కొత్త బంధాలు పుడతాయని ఆయన ఆశ. పుడతాయి, నేను చూశాను. అయితే ఆ బంధంలో ఎవరెవరు ఉన్నారన్నదే ప్రశ్న. మా నలభై మందికీ బంధం కుదిరింది, సెల్ఫీలు కుదిరాయి. రోజూ ఆ ఊరిని ఊడ్చే మనిషి మాత్రం ఆ బంధంలో లేదు.

బంధం మాట అటుంచి, నష్టం కూడా జరిగింది. కొద్ది రోజుల తరువాత స్థానికంగా బాధ్యతలో ఉన్న ఒకరు ఎదురుపడి, “మీ యూత్ ఉన్నారుగా ఫాదర్ గారూ, ఇక గట్టు వైపు మనిషిని పెట్టనక్కరలేదు” అన్నారు. పొగడ్త అనుకొని సంతోషించాను. ఆ గట్టు మీద అప్పుడప్పుడు కంప కొట్టి కూలి తెచ్చుకునే ఒక ముసలాయనకు ఆ పని పోయిందని నెల తరువాత గాని నాకు తెలియలేదు. మన ఉచిత సేవ ఒక పేదవాడి కూలి తినేసింది. 1931లో 11వ పయస్ పాపుగారు ‘క్వాద్రజేసిమో అన్నో’ విశ్వలేఖలో, చిన్న సమాజం చేసుకోగల పనిని పెద్ద సమాజం లాక్కోకూడదన్నారు. పెద్దది చిన్నదానికి తోడ్పడాలన్నారు. మనవాళ్ళు ఆ సూత్రాన్ని సగమే వాడుకుంటారు. మీరు చేసుకోగలరు కాబట్టి మేం తప్పుకుంటాం అనడం తోడ్పాటు కాదు. ఆ ముసలాయన పని తిరిగి ఇప్పించడానికి నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. సేవ మొదలుపెట్టే ముందు, ఇందులో ఎవరి నోటి దగ్గరి కూడు ఉందో విచారించుకోవాలన్న బుద్ధి నాకు ముందే ఉండవలసింది.

మొక్కల సంగతి చెప్పలేదు కదూ. ఆ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు నాలుగు వాలిపోయాయి. కంచె ఊడిన చోట మేకలు కొన్ని తిన్నాయి. మిగిలినవాటికి అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది. నాటిన రోజున నలభై మంది ఉన్నారు. రోహిణి కార్తె ఎండల్లో నీళ్ళు పోసినవారు ఇద్దరు. విశ్రాంత ఉపదేశి ఒకాయన, హాస్టలు కుర్రవాడొకడు. పదకొండు మొక్కలు బతికాయి. సద్గుణం ఒక పనితో రాదు, చేసి చేసి అలవాటైతేనే వస్తుందని అరిస్టాటిలూ పునీత తోమాసూ ఇద్దరూ చెప్పిందే. ఒక ఆదివారం ఊడ్చినవాడు ఊడ్చాడు, అంతే. మే నెలలో బకెట్టు మోసినవాడికి ఆ తోట అలవాటైంది. తోటకూ అతడు అలవాటయ్యాడు.

జూన్‌లో వానలు పడగానే ఇంకో చిత్రం. మేము పీకేసిన వయ్యారిభామ తోట నిండా, అంతకు ముందు లేనిచోట కూడా మొలిచింది. ఆ తల్లిని అడిగితే తేలిపోయింది. “అక్టోబరులో పూత మీదున్నప్పుడు పీకి ఈ మూల నించి ఆ మూలకి ఈడ్చారు గదండీ. విత్తనం మీరే చల్లారు. తొలకరికి మొలిచినాక, పూత రాకముందు పీకాలి. చేతులకి సంచులు తొడుక్కోవాలి, లేకపోతే దురదలు.” ఒక్కో మొక్కకు వేల విత్తనాలు. పుస్తకాల్లోనూ ఇదే ఉంది. పుస్తకం చదివినవాళ్ళం నలభై మందిలో చాలామందిమి ఉన్నాం. తెలిసిన మనిషిని అడగాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

పవిత్ర గురువారం నాడు పన్నెండు మంది పాదాలు కడుగుతాను. 2016 నుంచి స్త్రీలనూ ఎంచుకోవచ్చని పోపు ఫ్రాన్సిస్ గారు అనుమతించారు. 2024లో ఆమెను ఆ పన్నెండు మందిలో కూర్చోబెడదామనుకున్నాను. అడిగితే ఒప్పుకోలేదు. “అందరూ చూస్తుంటే మీరు నా కాళ్ళు పట్టుకోటం ఏంటండీ, వద్దు.” పేతురుగారూ ఇలాగే అన్నారమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. పేతురు భయం వేరు, ఆమె ఇబ్బంది వేరు. ఒక్క పూట నా వినయాన్ని చూపించుకోవడానికి ఆమె పాదాలు నాకు మరో శాలువా అయ్యేవేమో.

దాని బదులు సమాధుల తోట కమిటీలోకి రమ్మన్నాను. దానికీ వెంటనే ఒప్పుకోలేదు. కమిటీలో పెద్దమనుషులు కొందరు గొంతు సవరించుకున్నారు. “ఆమెకేం తెలుసు ఫాదర్ గారూ?” అన్నారొకరు. వయ్యారిభామ సంగతి చెప్పాను. ఆమె వచ్చిన మొదటి సమావేశంలో అరగంట మాట్లాడలేదు. తరువాత మూడు కోరింది. ప్లాస్టిక్ దండలు గేటు దగ్గరే ఆపాలి. చెత్తకు రెండు డ్రమ్ములు పెట్టాలి. మూడవ తేదీ ఊడ్పు కుటుంబాలవారీగా వంతులు వేయాలి, కమిటీ పెద్దల ఇళ్ళ నుంచే మొదలుపెట్టాలి. మూడవ కోరిక దగ్గర చర్చ బాగా వేడెక్కింది. ఒకాయన తన వంతుకు మనిషిని పెట్టి చేయిస్తానన్నారు. ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు. అలా కుదరదని రాసుకున్నాం. ఆయన సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు, ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతారు.

2024లో నవంబరు 3 ఆదివారం వచ్చింది. ఉదయం పూజకు ముందు వెళ్ళాను. వంతు పడిన పద్నాలుగు ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళవారు వచ్చారు. డ్రమ్ములు నిండి ఉన్నాయి. నేల మీద చెత్త తక్కువేమీ కాదు గాని మునుపటంత లేదు. కొవ్వొత్తి మైనం గీకడానికి నాకొక కత్తి ఇచ్చారు. ఆ తల్లికి వంతు లేదు, అయినా వచ్చి ప్రహరీ గోడ మీద కూర్చుంది. కమిటీ సభ్యురాలివి, చూస్తూ కూర్చో అన్నాం. పది నిమిషాలు కూర్చున్నదేమో. ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడొకడు చీపురును రెండు చేతులా కర్రసాములా పట్టుకొని దుమ్మంతా ఆమె భర్త సమాధి మీదికే కొడుతున్నాడు. గోడ దిగి వచ్చి వాడి చేతిలో చీపురు లాక్కుంది. “అట్టా కాదు నాయనా. వంగు. గాలి ఎటునించి వస్తందో ముందు చూసుకో.”